ఎర్ర రాయి

బంతి వచ్చి ఎల్లక్క నెత్తి మీది బిందెకు తగిలింది.

బిందె సొట్టపోయింది. తలకు తగలడం తప్పింది, అంతే.

"కండ్లు కనిపిస్తలేవా? ఆట నడుస్తుంటే అడ్డమొస్తవా?"

అరిచింది ఎల్లక్క కాదు. బంతి కొట్టిన దామోదర్.

1988లో భూపాలపల్లి దగ్గర దిగిన ఒక రోడ్ల కంపెనీ క్యాంపుకు దామోదర్ పెద్ద అధికారి. మొగుళ్లపల్లి వైపు భూస్వాముల బిడ్డ. హైదరాబాదులో ఎవరో గోల్ఫ్ ఆడుతుంటే చూసి వచ్చి, క్యాంపు వెనుక ఖాళీ జాగాలో తానూ ఒక గ్రౌండు చేయించాడు.

ఆట మొదలుపెట్టడానికి మూడు రాళ్లు పాతించాడు. అన్నిటికంటే వెనుక తెల్లది, తర్వాత పసుపుది, బాగా ముందు ఎర్రది. దూరం కొట్టగలిగినవాడు తెల్ల రాయి దగ్గర నిలబడాలి. అంత చేతకానివాడు ముందుకు రావాలి. ఆట నియమం అదే.

దామోదర్ నియమం వేరు. తెల్ల రాయి పెద్ద అధికారికి. పసుపు రాయి ఇంజనీర్లకు. ఎర్ర రాయి వాళ్ల భార్యలకు. ఎవరికెంత చేతనవుతుందని కాదు, ఎవరి కుర్చీ ఎంత పెద్దదని!

పసుపు రాయికీ ఎర్ర రాయికీ మధ్య నుంచే పక్క గూడెంలోని ఎల్లక్క లాంటి ఆడవాళ్లు నీళ్లకు బోరింగుకు వెళ్లే బాట. దామోదర్ బంతి ఒక్కనాడూ ఆ బాట దాటలేదు. వచ్చి దాని మీదే పడేది.

"రేపే గీ బాటకు ముండ్ల తీగ కొట్టియ్యి. ఆదివారం కంపెనీ పెద్దసారు ఆడనీకొస్తుండు" అన్నాడు దామోదర్, పక్కనున్న ఇంజనీరు దయాకర్‌తో.

"సార్, మరి వాళ్లకు నీళ్లు..."

"చెరువు చుట్టు తిరిగి తెచ్చుకుంటరు. కోసు దూరం నడిస్తే సస్తరా?"

దయాకర్ నోరు మూసుకున్నాడు. ఆ మూసుకోవడానికే అతనికి జీతం.

అప్పుడే పరకాల బస్సు దిగిన ముసలాయన ఒకడు ఇదంతా చూశాడు. పంచె, భుజాన తువ్వాల, చేతిలో గుడ్డసంచి. బాట మీద పడ్డ బంతి ఏరుకుని తెల్ల రాయి దాకా వచ్చాడు.

"తీగ ఎందుకు సారూ? మీరు గా ఎర్ర రాయి కాడికెల్లి కొట్టున్రి. బంతి బాట దిక్కే రాదు."

"అది ఆడోళ్ల రాయి!"

"రాయికి ఆడ, మగ ఉంటదా? చేతిల ఎంత బలముంటే గంత దూరం."

"నాకు చెప్పెటందుకు నువ్వెవనివిరా?"

"జాల్యా అంటరు సారూ. మానుకోట దిక్కు తండా." ముసలాయన సంచిలోంచి ఏదో కాగితం తీయబోయాడు.

"దరఖాస్తులు ఆఫీసుల ఇయ్యి. తండాల గోల్ఫ్ ఆడుతరారా?" దామోదర్ నవ్వాడు. అధికారులంతా నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. "ఇగో కర్ర. కొట్టు, చూస్తం."

జాల్యా కర్ర పట్టుకుని నడిచాడు. పసుపు రాయి దాటాడు. బాట దాటాడు. ఎర్ర రాయి దగ్గర నిలబడ్డాడు.

నవ్వులు రెట్టింపయ్యాయి.

"వయసుల ఉన్నప్పుడు తెల్ల రాయి కాడికెల్లే కొట్టేటోన్ని. ఇప్పుడు భుజం లేస్తలేదు. ముందటికొచ్చిన. దాంట్ల సిగ్గేముంది?"

మెల్లగా కొట్టాడు. బంతి వెళ్లి, అవతల గుంతలో పాతిన జెండాకు మూరెడు దూరంలో ఆగింది.

దామోదర్ మొహం కందగడ్డ అయింది. "గుడ్డిదెబ్బ!"

"కావొచ్చు సారూ. గని మీరు జర ముందటికి రానందుకు గీ ఆడోళ్లు కోసు దూరం నడవాలె. గిది ఆట కాదు, అన్యాలం."

"వీరస్వామీ! వీన్ని మెడలు వట్టి బయట పారెయ్!"

వాచ్‌మన్ వీరస్వామి గెంటాడు. ముసలాయన గేటు బయట మోకాళ్ల మీద పడ్డాడు. దయాకర్ కదల్లేదు. ఎల్లక్క ఉరికి లేపింది.

"దెబ్బ తాకిందా అన్నా?"

"నాదేముంది చెల్లె. మీ నీళ్ల సంగతే ఒప్పియ్యలేకపోతిని."

జాల్యా కుంటుకుంటూ బస్సు వైపు వెళ్లిపోయాడు.

మరునాడు తీగ వచ్చింది. ఆడవాళ్లు ఎండలో చెరువు చుట్టూ తిరిగి నీళ్లు మోశారు. శనివారం ఎల్లక్క కోడలు లీల చెరువు కట్ట మీద బిందెతో సహా జారి పడింది. ఆరో నెల. కడుపు నిలవలేదు.

ఆదివారం కంపెనీ యజమాని పెద్దసారు జీపు దిగాడు. దామోదర్ దండ వేసి, చేతిరుమాలుతో తెల్ల రాయి తుడిచాడు.

"ఇది మీది సార్."

పెద్దసారు దాని వైపు చూడనైనా లేదు. నేరుగా నడిచి ఎర్ర రాయి దగ్గర నిలబడ్డాడు.

"సార్, అది ఆడ..." దామోదర్ వెనకాలే ఉరికాడు.

"నా చేతికి ఇదే ఎక్కువ." పెద్దసారు అటూ ఇటూ చూశాడు. "ఈ ముళ్ల తీగ ఏంటి? అవతల వాళ్లెందుకు ఖాళీ బిందెలతో నిలబడ్డారు?"



"చెప్పున్రి! మా లీల కడుపు గీ తీగకే పోయిందని ఇప్పుడన్న చెప్పున్రి!" తీగ అవతలి నుంచి అరిచింది ఎల్లక్క.

పెద్దసారు చేతిలోని కర్ర కింద పడేశాడు.

"దామోదర్, రాళ్లు ఎక్కడ పెట్టాలో, బాట ఎట్లా వదలాలో చూసి చెప్పమని నాకు ఆట నేర్పిన జాల్యా గారిని బుధవారమే నీ దగ్గరికి పంపాను కదా, ఆయన ఏమన్నారు?"