సిగ్గులేని మాటలు

బడి గదిలో అంతమంది మగవాళ్ల ముందు, పట్నం న్యాయ సహాయ కేంద్రం నుంచి వచ్చిన ముసలావిడ గర్భసంచి బొమ్మ విప్పి చూపించేసరికి దర్జీ రోతగా ముఖం తిప్పుకున్నాడు.

ఆపరేషన్ ఎందుకో డాక్టర్ని అడగండి, అర్థమయ్యాకే వేలిముద్ర వేయండి, ఇంకో డాక్టరుకు చూపించుకోవడం మీ హక్కు అని చెబుతోందావిడ.

అంతటితో ఊరుకోలేదు. తప్పు జరిగితే ఫిర్యాదు చేయండి గానీ డాక్టరు మీదా, నర్సు మీదా చెయ్యి చేసుకోకండి, వాళ్లకూ చట్టం అండ ఉంది అంది.

"ఇంతకీ నువ్వెవరి తరఫునమ్మా?" అన్నాడు దర్జీ. "రెండు పడవల మీద కాళ్లు పెట్టి, మా ఆడాళ్లకు సిగ్గులేని మాటలు నేర్పుతున్నావు."

అందరూ నవ్వారు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "అడగడానికి సిగ్గేంటి నాయనా, పోయిన సంచి మళ్లీ రాదు" అంది.

దర్జీ గుమ్మం పక్కన కాండ్రించి ఉమ్మి, శ్రద్ధగా వింటున్న భార్యను రెక్క పట్టుకుని లేవదీశాడు.

ఆ ఏడే భార్యకు కడుపునొప్పి పట్టుకుంది.

పట్నంలో పెద్ద పేరున్న డాక్టరు, సంచి కుళ్లిపోయింది, తీయకపోతే క్యాన్సరే అన్నాడు. ఆమె ఏదో అడగబోయింది. పెద్దాయన ముందు నోరెత్తకని కసిరి, దర్జీయే ఆమె వేలు పట్టి ముద్ర వేయించాడు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు స్టీలు గిన్నెలో నెత్తుటి ముద్దను తెచ్చి చూపించాడు. దర్జీ ముక్కు మూసుకుని, ఒంటి చేత్తోనే దండం పెట్టాడు.

కోత మానింది గానీ నొప్పి తగ్గలేదు.

వేరే ఆసుపత్రిలో డాక్టరమ్మ పాత స్కానింగు కూడా చూసి, సంచికి ఏ జబ్బూ లేదనీ, నొప్పి కిడ్నీలో రాయి వల్లననీ చెప్పింది.

భార్య ఏడవలేదు. ఇంటికొచ్చి, అతనిచ్చిన మంచినీళ్లు ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. నిండా పాతికేళ్లు లేని మనిషి.

ఆ డాక్టరు చేతులు తలుచుకుంటే దర్జీకి రోత పుట్టింది. తన చేతులు చూసుకుంటే అంతకన్నా రోత.

వాణ్ణి చితకబాదాలని బస్సెక్కినవాడు, దిగాక దారి మార్చుకుని ఆ ముసలావిడ పనిచేసే న్యాయ సహాయ కేంద్రానికి నడిచాడు.

ఆవిడ పోయి నెల దాటిందని అక్కడి లాయరమ్మ చెప్పింది. డాక్టరు పేరు వినగానే, అతని మీద మొదట ఫిర్యాదు చేసిందీ ఆవిడేనంది.

"ఆవిడక్కూడా ఆ పాపిష్టివాడే కోశాడా అమ్మా?" అన్నాడు దర్జీ.

లాయరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"లేదు. ఆవిడ అతన్ని కన్నతల్లి."