సోమాలమ్మ దగ్గరున్న పుస్తకం

విలేకరి పరాంకుశం ఒక పాత పడవ ప్రమాదం చరిత్ర రాయడానికి పదకొండేళ్లు గోదావరి ఒడ్డున ఊరూరూ తిరిగాడు. అయితే ఇప్పటి పుస్తకాలు, చదివేవాళ్ల మనసు నొచ్చుకునే చోటల్లా తమంతట తామే కథ మార్చేసుకుంటాయి. తన పుస్తకాన్ని మాత్రం అలా మారనివ్వకుండా ఉన్నదున్నట్టు ఉంచమని కాళ్లావేళ్లా పడ్డా ప్రచురణకర్తలు వినలేదు.

ఆ పడవ ప్రమాదంలో బతికి బయటపడ్డ సోమాలమ్మ కబురు పెడితే వెళ్లాడు. ముసలావిడ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని కూర్చుంది.

"తమ్ముడి చెయ్యి వదిలేసేనని నీకు చెప్పి ఏడ్సేను కదా బాబూ. వదల్లేదంట! ఇద్దరం ఒడ్డుకి చేరేమంట. నువ్వే రాసేవు."

అప్పట్లో ఆమె ఏడుస్తూ చెప్పిన మాటల రికార్డింగు అతని జేబులోనే ఉంది. వినిపించడానికి చెయ్యి రాలేదు.

"అన్నీ కనుక్కుని రాసినోడివి. ఆడిప్పుడు ఏ ఊళ్లో ఉంటన్నాడో చెప్పు బాబూ, ఎల్లి సూసొత్తాను."