కిటికీ దగ్గరి శాపాలు

తల్లి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది.

"ఒరేయ్ తాటిచెట్టూ, అంత చిన్నవాడి కాలు విరిచిన చేత్తో ముద్ద ఎలా దిగుతోందిరా నీకు? నీ మోకాలు విరగ!"

కొడుకు తల వంచుకుని తింటున్నాడు. వంచకపోతే ఎలాగూ పైన వేలాడే దీపం తగులుతుంది.

వీధిలో పాలమనిషి సైకిలు ఆపింది. ఎదురింటి ముసలాయన బాగా వినపడాలని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

అంత పొడుగు మనిషిని ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. మంచానికి కాళ్ళవైపు ఒక బల్ల కలిపితే గానీ పడుకోలేడు. ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆడేవాడు. బుట్టలో బంతి వెయ్యడానికి ఎగరక్కర్లేదు, చెయ్యెత్తితే చాలు. కాకపోతే బంతి ఉన్నచోటికి అతను చేరేసరికి ఆట అయిపోయేది. మోకాళ్ళు అరిగాయని డాక్టరు చెప్పగానే జట్టువాళ్ళు మెడలో దండ వేసి మరీ ఇంటికి పంపేశారు. దండ వెయ్యడానికి నిచ్చెన తెచ్చారు.

తర్వాత కుస్తీ కంపెనీ మేనేజరు టేపు పట్టుకుని ఇంటికే వచ్చాడు. కుర్చీ ఎక్కి కొలిచాడు.

"పరుగెత్తక్కర్లేదు. కోపంగా నిలబడు, చాలు" అన్నాడు.

పోస్టర్లలో అతని ఎత్తుకి ఇంకో జానెడు కలిపి, కొండరాక్షసుడని పేరు పెట్టారు. చీమని చూస్తే పక్కకి అడుగేసే మనిషికి.

పని నేర్చుకున్నాడు. గుద్దు గాల్లో వెయ్యాలి, చప్పుడు కాలితో చెయ్యాలి. ఎదుటివాణ్ణి ఎత్తి పడేసేటప్పుడు మెడ కింద అరచెయ్యి పెట్టి, గుడ్డుని గిన్నెలోకి దించినట్టు దించాలి. ఆ ఎదుటివాడు ఎప్పుడూ చిట్టిపులే. అతని నడుము దాకా వచ్చే కుర్రాడు, జనానికి ప్రాణం. మొన్న కాలు 'విరిగి' స్ట్రెచరు మీద వెళ్ళిన చిట్టిపులి, వెనకగదిలో కట్టు విప్పుకుని ఇతనితో చదరంగం ఆడి గెలిచాడు కూడా.

కానీ ఈ సంగతి బయట చెప్పకూడదు. కంపెనీ ఒప్పందంలో మొదటి షరతు అదే. ఎవరికీ చెప్పకూడదు, ఇంట్లోవాళ్ళకి కూడా.

రొట్టెల కొట్టువాడు ఇతనికి రొట్టె అమ్మడం మానేశాడు. మంగలి సగం క్షవరం చేసి, చిట్టిపులి గుర్తొచ్చి కత్తెర కింద పెట్టేశాడు. అన్నీ భరించాడు. తల్లి తిట్లు మాత్రం భరించలేకపోయాడు.

తల తగలకుండా గుమ్మం పైకమ్మీకి పాత దుప్పటి చుట్టిన తల్లి. ఇదివరకు 'చిన్నోడా' తప్ప మరోమాట అనని తల్లి. ఇప్పుడు కిటికీ తెరిస్తే శాపాలే. వాన పడి కిటికీ మూసిన రోజు అసలు మాటే ఉండదు. మిషను ముందు కూర్చుని, ముగ్గురికి సరిపడే గుడ్డతో అతని ఒక్క చొక్కా కుడుతూ, పెదాలు మాత్రం కదుపుతూ ఉంటుంది. దేవుడికి మొరపెట్టుకుంటోందని అతను లోపల్లోపలే కుమిలిపోయేవాడు.

దానికితోడు ఆ శాపాలు ఫలించడం మొదలుపెట్టాయి. 'నీ కళ్ళు పోను' అన్న వారమే అతని కళ్ళలో పొడి చల్లించే కథ తయారైంది. ఈసారి 'మోకాలు విరగ' అందా, శనివారానికల్లా మేనేజరు వచ్చి, చిట్టిపులి కర్రతో నీ మోకాలు విరిచేస్తాడు, కింద పడి బాగా దొర్లాలి అని చెప్పాడు.

"తల్లి నోటిమాట అన్నా, ఊరికే పోదు" అన్నాడు చిట్టిపులి, కొంచెం భయంగానే.

ఊరు కూడా అదే అంది. ఈ వారం ఏం శపిస్తుందో కిటికీ కింద నిలబడి విని, అటునుంచి అటే వెళ్ళి టికెట్లు కొనుక్కునేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్న కిటికీ దగ్గర తల్లి, "నువ్వు నా కడుపున పుట్టనే లేదు" అంది. కిందనున్న జనం ముక్కులు చీదుకున్నారు. అతను ఆ రోజంతా ఏమీ తినలేదు.

సాయంత్రం మిషను పక్కన నేలమీద కూర్చున్నాడు.

"అమ్మా, రేపు ఆ పని మానేస్తున్నాను."

మిషను ఆగింది. ఆమె లేచి వెళ్ళి కిటికీ మూసింది.

"నిజంగానా? మళ్ళీ మనసు మార్చుకోవు కదా?" అంది. ఎన్నాళ్ళకో ఆ గొంతు మెత్తగా వినపడింది.

"మార్చుకోను. నాకు నువ్వు కావాలి."

ఆమె అతని తల నిమిరింది. కళ్ళు ఒత్తుకుంది. దగ్గర కూర్చుని కడుపు నిండా తినిపించింది. తర్వాత చెప్పులు వేసుకుని, ఇప్పుడే వస్తా చిన్నోడా అని గబగబా బయటికి వెళ్ళింది. ఈ మంచి కబురు ఇరుగుపొరుగుకి చెప్పడానికే అనుకుని, అతను చాలారోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు వంగి కంపెనీ ఆఫీసులోకి అడుగుపెట్టాడు. మేనేజరు కుర్చీ మీద నిలబడి, ఇంకో పొడుగాటి కుర్రాణ్ణి టేపుతో కొలుస్తున్నాడు.

"నన్ను వదిలెయ్యండి సార్. ఇదంతా ఉత్త ఆటేనని మా అమ్మకి చెప్పలేక చచ్చిపోతున్నాను. ఆవిడ గుండె పగిలిపోతోంది" అన్నాడు.

మేనేజరు కోప్పడలేదు. కుర్చీ దిగి, అందినంత మేర అతని మోచెయ్యి తట్టాడు.

"నువ్వు వెళ్ళినా ఫర్వాలేదులే బాబూ, ఈ అబ్బాయిని నీ తమ్ముడని చెప్పి తిడతానని మీ అమ్మ నిన్న సాయంత్రమే వచ్చి తన పాత ఒప్పందం పొడిగించుకుని వెళ్ళింది."