జాయిస్ రాసిన పరీక్ష

నందిగామలో నాది ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. కొట్టు నడుపుకుంటూనే, పిలిచినప్పుడు సైన్యంలోకి వెళ్లే వాలంటీర్‌ని. ఈ ఏడు మాకు ప్రథమ చికిత్స కోర్సు ఫోన్లోనే పెట్టారు. పాఠాలు రోజూ కొట్లో మోగుతుంటే నాకంటే ముందు నా భార్య జాయిస్‌కి వచ్చేశాయి.

"రక్తం ఆగకపోతే కట్టు గాయానికి పైన కట్టాలండీ, కింద కాదు. బిందెలమ్మే బుర్రకి ఎప్పటికి ఎక్కుతుందో!" అని మొన్న అన్నం దగ్గర ఎక్కిరించింది కూడా.

పరీక్ష టైముకి చందర్లపాడు పెళ్లివాళ్లు బకెట్ల కోసం దిగారు. ఫోన్ జాయిస్ చేతిలో పెట్టా.

"నువ్వు నొక్కెయ్ జాయిసూ, నీకన్నీ వచ్చుగా."

"పాసైనవాళ్లనే బోర్డర్‌కి పంపుతారటగా అండీ?"

"అవన్నీ తర్వాత. ముందు నొక్కు."

సాయంత్రం ఫలితం వచ్చింది. ఫెయిల్. ఫోన్ తప్పులన్నీ వరసగా చూపించింది. కట్టు ఎక్కడ కట్టాలి అన్నదానికి 'గాయానికి కింద' అని నొక్కి ఉంది.

తలెత్తి చూశా. జాయిస్ నా వైపు చూడకుండా మగ్గులు పేరుస్తోంది.

"పోన్లెండి, వచ్చే ఏడు చూద్దాం. చేపల పులుసు పెట్టనా?" అంది. ఎన్నాళ్లకో ఆ గొంతులో హుషారు.

ఫలితం కిందే ఇంకో మెసేజ్ ఉంది. ఇంటి దగ్గర చదివి ఫెయిలైనవాళ్లు సోమవారానికల్లా బోర్డర్ క్యాంపుకి వచ్చి, మూడు నెలలు అక్కడే ఉండి నేర్చుకోవాలట.

ఫోన్ జేబులో పెట్టుకున్నా.

"పెట్టు," అన్నా.