బాబాయ్ వంతు

రేపు కొత్త వర్క్‌షాపు ప్రారంభం. "మన కాలేజీని చూసి ఊరంతా ముక్కున వేలేసుకోవాలి," అంటూ ప్రిన్సిపాల్ పొద్దుటినుంచీ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. అక్కడ ఇనుము తిప్పి చెక్కే లేత్ మిషన్లు అన్నీ కొత్తవే. ఇక ఎవరూ వంతు కోసం కాచుకోనక్కర్లేదు.

చీకటిపడ్డాక పాత షెడ్డుకి తాళం వేయడానికి లేత్ పని నేర్పే మేడమ్ ఒక్కతే వచ్చింది. లోపల ముసలి లేత్ మిగిలింది. తెల్లారితే పాత ఇనుముకి పోతుంది. ఇన్నేళ్లూ క్లాసంతటికీ అదొక్కటే దిక్కు.

కుర్రాళ్ల మధ్య కూర్చుని నేర్చుకునే ఒక నడివయసాయన్ని అందరూ బాబాయ్ అనేవారు. ఆయన వంతు వచ్చేసరికి ఎప్పుడూ గంట కొట్టేసేవారు. "పర్లేదు మేడమ్, రేపు చేస్తాలెండి," అనేవాడు. మొన్న వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు.

మేడమ్ లేత్ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. వెచ్చగా ఉంది. కరెంటు కనెక్షన్ మధ్యాహ్నమే పీకేశారు. కింద అప్పుడే తెగిన ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా మెరుస్తోంది.

గబగబా బయటికొచ్చి తలుపు మూసింది. తాళం కప్ప గొళ్లేనికి తగిలించబోతుంటే లోపలినుంచి బాబాయ్ గొంతు వినయంగా వినిపించింది.

"చేతులు తీశాను మేడమ్. వెయ్యమంటారా?"

ఆ షెడ్డులో అదే పద్ధతి. మిషన్ దగ్గరున్నవాళ్లు అలా అడగాలి. వెనకున్నవాళ్లు సరేనంటేనే స్విచ్చు వేయాలి.

మేడమ్ సరే అనడానికి నోరు తెరిచి, ఆగింది. కళ్లతో చూడకుండా ఎప్పుడూ సరే అనకూడదని అందరికీ నేర్పింది తనే.

లోపల ఆయన ఓపిగ్గా కాచుకున్నాడు.

మేడమ్ మెల్లగా తలుపు తోసింది.