నెట్ ఏ కంపెనీది తీసుకోవాలి?

పదకొండూ నలభైకి నెట్ పోయింది. తెర మీద ఆస్పత్రి బిల్లు సగం తెరుచుకుని ఆగిపోయింది.

ఆమె ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూస్తుంది. రెండేళ్లుగా ఇంటి నుంచే. డైనింగ్ టేబుల్‌కి గోడవైపున్న కుర్చీ ఆమె ఆఫీసు. మిగతా మూడు కుర్చీలూ ఇంట్లోవాళ్లవి.

యాభై నిమిషాల తర్వాత నెట్ వచ్చింది. దాని వెనకే మేనేజరు మెయిలు వచ్చింది. పని మధ్యలో లైను తెగడం ఈ మూడు నెలల్లో ఇది రెండోసారి. ఇంకోసారి తెగితే ఇంటి నుంచి పని రద్దు. మర్నాటి నుంచి ఆఫీసుకు రావాలి.

సాయంత్రం భర్త ఆ మెయిలు రెండుసార్లు చదివాడు.

"ఇదేం గోల? వాళ్లే రమ్మన్నాక మనం కాదనలేం. నువ్వు పొద్దున్నే వెళ్లిపోతే ఇల్లెవరు చూస్తారు? కుళాయివాడొస్తే తలుపెవరు తీస్తారు?"

"నేనూ అదే ఆలోచిస్తున్నానండీ."

"ముందీ దిక్కుమాలిన కంపెనీని మార్చెయ్. నలుగుర్నీ అడుగు. అడక్కుండా మాత్రం తీసుకోకు."

మర్నాడు పనిలో కూర్చున్న గంటలో కాలింగ్ బెల్ నాలుగుసార్లు మోగింది. ఎదురింటివాళ్ల కొరియర్. పై అంతస్తువాళ్ల తాళంచెవి. కుళాయి బాగుచేసే మనిషి. మళ్లీ ఎదురింటివాళ్ల కొరియర్.

"నువ్వు ఇంట్లోనేగా ఉండేది!" అంది ఎదురింటావిడ, అప్పుడే కనిపెట్టినట్టు. రెండేళ్లుగా అదే మాట.

అత్తగారు ఎదురు కుర్చీలో చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అమ్మాయ్, ఇవాళేం వారం?"

"గురువారం అత్తయ్యా."

"అయితే నీ ఆడపడుచుకి సెలవు. ఫోన్ కలుపు."

"మీటింగులో ఉన్నానత్తయ్యా."

"ఉండవే, నేనొద్దన్నానా? ముందు ఫోన్ కలిపి తర్వాత ఉండు."

మీటింగులో ఉన్న పన్నెండు మందీ ఆ మాట విన్నారు. ఆమె ఫోన్ కలిపింది.

శని, ఆదివారాల్లో వాకబు మొదలుపెట్టింది. వీధిలో తమది కాక ఇంకో మూడు కంపెనీల నెట్ ఉంది. నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరింది. ఎవరినీ బాగుందా అని అడగలేదు. నెలలో ఎన్నిసార్లు పోయింది, ఏ టైముకి పోయింది, ఎంతసేపటికి వచ్చింది అని అడిగింది.

దర్జీ ఇంట్లో ఒక్కసారి పోయింది. అది కూడా పొద్దున ఆరింటికి, ముందే మెసేజ్ పెట్టి ఆపారు.

ట్యూషన్ టీచరు ఇంట్లో మూడుసార్లు. ఫోన్ చేసిన గంటలో మనిషి వచ్చి సరిచేశాడు.

ఫొటో స్టూడియో ఆయన ప్రశ్న పూర్తికాకముందే కుర్చీలోంచి లేచాడు.

"తొమ్మిదిసార్లమ్మా! క్యాలెండర్లో గుండ్రాలు చుట్టాను, చూసుకో. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పాట పెడతారు. ఆ పాట నాకు కంఠతా వచ్చేసింది. పాడమంటావా?"

"వద్దులే అన్నయ్యా. ఏ టైములో పోతుంది?"

"ఇంకే టైము? సరిగ్గా నేను పనిలో ఉన్నప్పుడే. పదకొండుకీ మూడుకీ మధ్య."

"రాత్రిళ్లు?"

"రాత్రి బ్రహ్మాండం. ఎవడిక్కావాలి?"

ఆమె అంతా రాసుకుంది. రాసింది చదివి వినిపించి, తప్పు లేదని ఆయనతో అనిపించుకుంది.

సోమవారం భోజనం టైములో వీధి చివర ఫోన్ల షాపుకి వెళ్లింది. మూడు కంపెనీల ఫారాలూ అక్కడే దొరుకుతాయి. షాపాయన మూడింటినీ కౌంటరు మీద పరిచి ఏదో చెప్పబోయాడు. ఆమె నోట్‌బుక్ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన వేలు పెట్టి కింది దాకా చదివాడు.

"నేను చెప్పడానికేం మిగల్చలేదు కదమ్మా!"

అంతలో భర్త ఫోన్ చేశాడు.

"షాపులో ఉన్నావా? జాగ్రత్తగా చూసుకో. ఇంకొక్కసారి పోయిందంటే మర్నాడే నువ్వు ఆఫీసులో ఉంటావు, తెలుసుగా?"

"తెలుసండీ. తెలిసేగా రెండ్రోజులు ఇంటింటికీ తిరిగాను."

"అందరూ ఏమన్నారు?"

"లెక్కలన్నీ రాసుకున్నాను. ఇంక ఆలోచించాల్సిందేం లేదు."

"హమ్మయ్య. అయితే కానియ్."

ఫోన్ బ్యాగులో పెట్టి, ఆమె ఫొటో స్టూడియో ఆయన వాడే కంపెనీ ఫారం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.