పక్క సీటు

పానా ఇమ్మని అన్న కారు కింద నుంచి చెయ్యి చాపాడు.

తమ్ముడు పానా తీసి, పక్కనే టోపీ పెట్టుకుని నిలబడ్డ కొత్తాయన చేతిలో పెట్టాడు.

చూసుకోక చేసిన పనే. అయినా ఖాళీ చేతిని వెనక్కి లాక్కుంటుంటే అన్నకి గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది.

అన్న వెల్డరు. తమ్ముడు స్కూలు వ్యాను తోలతాడు. ఇద్దరికీ ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకటే పిచ్చి, రేసు కారు. కొనే తాహతు లేదు. అందుకే తుక్కులో దొరికిన పాత బాడీని ఇంటి వెనక షెడ్డులోకి లాక్కొచ్చి, సెలవు దొరికినప్పుడల్లా ముక్కకి ముక్క అతుక్కుంటూ వచ్చారు. తోలేది తమ్ముడు. పక్క సీట్లో కూర్చుని మలుపులు చెప్పేది అన్న. అది కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందం కాదు, పుట్టుకతో వచ్చింది.

రేసు సీట్లు, బెల్టులు కొనడానికి తుక్కు దుకాణానికి వెళ్ళిన తమ్ముడు, వాటితో పాటు ఈ టోపీ ఆయన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ దుకాణంలోనే పని చేస్తాడు, దాని వెనక గదిలోనే ఉంటాడు. ఒంటరి మనిషి. బిగించడానికి సాయమొస్తానని తనే అడిగాడట.

అప్పటి నుంచి తమ్ముడికి లేస్తే ఆయన, కూర్చుంటే ఆయన.

షెడ్డులోంచి "అన్నా, ఇలా చూడు" అని వినబడేది. "ఏంట్రా" అనబోయి అన్న నోరు మూసుకునేవాడు. ఆ పిలుపు తనకి కాదు.

"మీ వాలకం చూస్తుంటే ఇంట్లోకి సవతి దిగినట్టుంది" అని భార్య నవ్వింది.

టోపీ పెట్టుకునేవాళ్ళతో చిక్కు లేదు గానీ, పెట్టేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలన్నాడు అన్న. ఆవిడ నవ్వింది గానీ అన్నకి నవ్వు రాలేదు.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఇద్దరూ కారులో ఉన్నారు. తమ్ముడు స్టీరింగు దగ్గర. టోపీ ఆయన పక్క సీట్లో, భుజాల మీదుగా బెల్టులు లాక్కుని. ఏం చెప్పుకున్నారో, తమ్ముడు పగలబడి నవ్వుతున్నాడు.

అన్న గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపోయాడు. 

మర్నాడు వాళ్ళిద్దరూ లేని సమయం చూసి, పక్క సీటు బెల్టుల్ని తనే నేలరేకుకి బోల్టులు వేసి బిగించేశాడు. ఇక దాని మీద ఇంకో చెయ్యి పడనక్కర్లేదనుకున్నాడు.

టోపీ ఆయన వచ్చి, ఆ బెల్టుని ఒకసారి లాగి చూశాడు. వంగి కారు కిందకి చూశాడు.

"ఉత్త వాషర్లు ఆగవండీ. రేకు చిరుగుతుంది. కింద మందపాటి ప్లేటు వెయ్యాలి."

అన్నాళ్ళుగా దాచిపెట్టుకున్నదంతా అన్నకి నోటిదాకా వచ్చింది.

"ఇనుము సంగతి నాకు చెప్పకు. అసలు మా అన్నదమ్ముల మధ్య నీకేం పని?"

తమ్ముడు తల దించుకున్నాడు. టోపీ ఆయన ముఖం పాలిపోయింది. చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఏం పనీ లేదు" అన్నాడు చివరికి. "ఆ ప్లేట్లు వెయ్యనివ్వండి. మళ్ళీ రాను."

పీడా పోతుందని అన్న సరేనన్నాడు. ఆయన కారు కింద వెల్లకిలా పడుకుని పని ముగించి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. తమ్ముడు అన్నతో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అయినా అన్నకి లోలోపల హాయిగానే ఉంది.

రేసు రోజున అన్న పక్క సీట్లో కూర్చున్నాడు. మట్టి ట్రాకు మీద ఒక మలుపులో వెనక చక్రాలు జారి, కారు పల్టీలు కొట్టి తలకిందులుగా ఆగింది.

దుమ్ము సర్దుకునేసరికి ఇద్దరూ బెల్టులకి గబ్బిలాల్లా వేలాడుతున్నారు. ఎక్కడా ఎముక విరగలేదు.

షెడ్డుకి చేర్చాక అన్న కారు కిందకి దూరి చూశాడు. నేలరేకు మడతలు పడింది. ప్లేట్లు వేసిన చోట మాత్రం బోల్టు బోల్టులాగే ఉంది.

అప్పుడు తమ్ముడు మెల్లిగా నోరు విప్పాడు.

"రేసుకి పక్కన రమ్మని ఆయన్ని అడిగాను అన్నయ్యా. తప్పు నాదే. ఆయనే ఒప్పుకోలేదు. మీ అన్నయ్య సీట్లో నేను కూర్చోకూడదు, బెల్టు ఎక్కడ బిగించాలో చూడటానికి కూర్చున్నాను అంతే అన్నాడు."

అన్న కారు కింద నుంచి బయటికొచ్చాడు. చొక్కా అయినా మార్చుకోకుండా తుక్కు దుకాణానికి వెళ్ళాడు.

గది ఖాళీగా ఉంది. పని మానేసి వెళ్ళిపోయాడని, ఎక్కడికో చెప్పలేదని దుకాణం యజమాని అన్నాడు.

బెల్టుల కింద ప్లేట్లు వెయ్యాలన్న పట్టుదల ఆయనకి ఎక్కడిదని అన్న అడిగాడు.

"ఒకప్పుడు ఆయనా మీలాగే ఇంట్లో కారు కట్టుకున్నాడు. తోలింది ఆయనే. కారు పల్టీ కొడితే ఆయనకేం కాలేదు. పక్క సీటు బెల్టు మాత్రం రేకుని చించుకుని ఊడొచ్చింది."

"ఎవరు బిగించారు దాన్ని?"

"ఆయనే" అన్నాడు యజమాని. "అందులో కూర్చున్నది ఆయన తమ్ముడు."